అద్దె కారు షెడ్డులో ప్లగ్ లైట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ కారు షెడ్డు అంటే మెకానిక్ గ్యారేజీ కాదు. ఇంటి పక్క ఖాళీ స్థలంలో రేకులు వేసి, ముందు షట్టరు పెట్టి, నెలకింత అని అద్దెకిచ్చే గది. విజయవాడలో అలాంటి షెడ్డు ఒకటి నేను నాలుగేళ్ళుగా వాడుతున్నాను. అందులో ఒక పాత స్కూటరు, ఒక పనిబల్ల, ఇంట్లో పట్టని సామాను ఉంటాయి. ఓనరు ఇచ్చింది గోడకి ఒక బల్బు హోల్డరు, స్విచ్‌బోర్డులో ఒక ప్లగ్ పాయింటు, అంతే. గోడ పగలగొట్టకుండా, కొత్త వైరింగ్ చేయించకుండా, ప్లగ్గులో పెడితే వెలిగే లైట్లతోనే నెట్టుకొస్తున్నాను. చూసినవాళ్ళందరూ ఇంచుమించు ఇవే అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## ఓనరుతో మాట

ప్లగ్గులో పెట్టుకునే లైటుకి కూడా ఓనరు పర్మిషన్ అడగాలా?

టేబుల్ ఫ్యాను పెట్టుకోవడానికి ఎవరూ పర్మిషన్ అడగరు. ఇదీ అంతే. కాకపోతే షెడ్డు విషయంలో ఓనర్లకి ఒక అనుమానం ఉంటుంది. లోపల లైట్లు ఎక్కువైతే ఏదో వ్యాపారం మొదలుపెట్టారనుకుంటారు. అందుకే ముందే ఒక మెసేజ్ పెట్టడం మంచిది. నేను పెట్టింది ఇది: "అంకుల్, షెడ్డులో ప్లగ్గుకి రెండు ట్యూబ్‌లైట్లు పెట్టుకుంటున్నాను. గోడకి డ్రిల్ చెయ్యను. ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్ళిపోతాను." "సరే బాబు" అని జవాబొచ్చింది. ఆ మెసేజ్ పక్కనే ఆ రోజు తీసిన స్విచ్‌బోర్డు, గోడ, కప్పు ఫొటోలు కూడా పెట్టేశాను. అడ్వాన్సు వెనక్కి అడిగే రోజున అవి పనికొస్తాయి.

కరెంటు మీటరు ఓనరుదే. లైట్లు పెడితే అద్దె పెంచుతారేమో అని టెన్షన్.

లెక్క చెప్పండి, టెన్షన్ తగ్గుతుంది. 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్లు (ట్యూబ్‌లైటులా పొడవుగా ఉండే లైట్లు) మూడు అంటే 60 వాట్లు. రోజుకి నాలుగు గంటలు వెలిగిస్తే 240 వాట్ గంటలు, అంటే పావు యూనిట్ కన్నా తక్కువ. నెలకి ఏడు యూనిట్ల పైచిలుకు. అయితే ఇళ్ళ కరెంటు రేటు శ్లాబుల్లో ఉంటుంది. ఓనరు వాడకం మీద మీ ఏడు యూనిట్లు వచ్చి చేరతాయి కాబట్టి ఆయనకి వాటి మీద పై శ్లాబు రేటు పడుతుంది. అందుకే మొదటి శ్లాబు రేటుతో గుణించి "ఇంతేగా" అని వాదించకండి. నెలకి ఇంత అని మాట్లాడుకుంటే ఇద్దరికీ గొడవ ఉండదు. లేదంటే షెడ్డు లైనుకి సబ్ మీటరు పెట్టించమనండి.

అదే షెడ్డులో సాయంత్రాలు చిన్న రిపేరు పని చేసి డబ్బులు తీసుకుంటే?

అప్పుడు లైట్ల సంగతి పక్కన పెట్టి మీటరు సంగతి చూసుకోవాలి. ఇంటి కేటగిరీ కనెక్షన్ మీద వ్యాపారం నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అవుతుంది. వర్తించే టారిఫ్‌కి రెట్టింపు లెక్కన బిల్లు వేస్తారు. ఆ గొడవ మీతో ఆగదు, మీటరు ఎవరి పేరున ఉంటే వాళ్ళనీ చుట్టుకుంటుంది. స్నేహితుడి బండికి స్పార్క్ ప్లగ్ మార్చిపెట్టడం వేరు, బయట బోర్డు కట్టడం వేరు. రెండోదయితే కమర్షియల్ మీటరు గురించి ఓనరుతో ముందే మాట్లాడండి.

షెడ్డుకి అసలు కరెంటే లేదు. ఇంట్లోంచి ఎక్స్‌టెన్షన్ లాక్కోవచ్చా?

ఒక సాయంత్రం పనికైతే, మీరు అక్కడే ఉన్నంతసేపూ, లాక్కోవచ్చు. శాశ్వతంగా మాత్రం వద్దు. ఎండకి వైరు తొడుగు పగులుతుంది, కిటికీ సందులో నలుగుతుంది, వాన పడితే బాక్సులోకి నీళ్ళు పోతాయి. వేరే మీటరున్న పక్కింట్లోంచి అయితే ఒక్కరోజు కూడా వద్దు. సామాను తీసుకోవడానికి రోజుకి పది నిమిషాలు వెళ్ళేవాళ్ళకి మంచి రీచార్జబుల్ లైటు ఒకటి చాలు. ఇంట్లో చార్జింగ్ పెట్టుకుని పట్టుకెళ్ళండి.

## ప్లగ్ పాయింటు చూసుకోవడం

ముందు లైటు కొనాలా, ప్లగ్ చూడాలా?

ప్లగ్గే చూడాలి. షెడ్లలో ప్లగ్ పాయింటు చాలాసార్లు ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీల మిషన్ల కోసం పెట్టింది అలాగే ఉండిపోతుంది. పగలు వెళ్ళి చూడండి. ప్లాస్టిక్ మీద గోధుమరంగు మరక ఉందా, పిన్ను పెడితే వదులుగా ఆడుతోందా, స్విచ్ వేస్తే చిటపటమంటోందా? వీటిలో ఒక్కటున్నా ముందు ఆ పాయింటు మార్పించాలి. అది ఓనరు ఖర్చు. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కాలిన పాయింటు తన గోడలోనే ఉందని ఆయనకీ తెలియాలి కదా.

అన్నీ బాగుంటే టెస్టరు పెట్టండి. ఎర్త్ రంధ్రం పైకి ఉండేలా ఎదురుగా నిలబడి చూస్తే కుడివైపు రంధ్రంలో టెస్టరు వెలగాలి. ఎడమ రంధ్రంలో వెలిగితే ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి వెళ్ళే వైరు) తారుమారయ్యాయని అర్థం. స్విచ్ కట్టేశాక కూడా వెలుగుతుంటే ఆ స్విచ్ న్యూట్రల్‌ని మాత్రమే ఆపుతోంది. రెండూ ఎలక్ట్రీషియన్‌కి పది నిమిషాల పని, మీరు విప్పకండి.

టెస్టరు వెలుగుతోంది. అంటే ఎర్తింగ్ ఉన్నట్టేనా?

కాదు. టెస్టరు చెప్పేది కరెంటు ఉందనే. పై రంధ్రంలోకి ఎర్త్ వైరు వచ్చిందా, వస్తే అది భూమి దాకా వెళ్ళిందా అన్నది దానితో తెలియదు. మూడు రంధ్రాలున్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పై రంధ్రం వెనక ఏ వైరూ లేని పాయింట్లు నేను మూడిళ్ళలో చూశాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి "ఎర్త్ పనిచేస్తోందా చూడండి" అని ప్రత్యేకంగా అడగండి. ఇంట్లో వైర్లు పట్టుకుని బల్బుతో మీరే ప్రయోగం చేయకండి.

ఎంసీబీ ఉందిగా. షాక్ కొడితే అదే పడిపోతుంది కదా?

అందరికీ ఉన్న పెద్ద అపోహ ఇదే. ఎంసీబీ, అంటే బోర్డులో ఫ్యూజుకి బదులు ఉండే స్విచ్, కాపాడేది వైరుని. 10 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించి కరెంటు ప్రవహించాలి, లేదా షార్ట్ కావాలి. మనిషి ప్రాణం పోవడానికి అందులో వందో వంతు చాలు. దాన్ని ఎంసీబీ గుర్తు కూడా పట్టదు.

మనిషి కోసం ఉండేది ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సరిపోల్చుకుంటూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటితే రెప్పపాటులో కట్ చేస్తుంది. మెయిన్ బోర్డులో వెడల్పాటి బ్రేకరు మీద 30 ఎంఏ అని రాసి, పక్కన చిన్న టెస్ట్ బటన్ ఉంటే అదే. బటన్ నొక్కితే టక్కున పడాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే. మొత్తంగా లేకపోతే షెడ్డు లైనుకి ఒకటి పెట్టించమని ఓనరుని అడగండి, సగం ఖర్చు మీరు పెట్టుకునైనా సరే. నేను అలాగే చేశాను. లైట్ల మీద పెట్టిన డబ్బు కన్నా దీని మీద పెట్టిందే సరైన ఖర్చని ఇప్పటికీ అనుకుంటాను.

మాది పూర్తిగా రేకుల షెడ్డు, ఇనుప ఫ్రేము. భయపడాలా?

భయం అక్కర్లేదు, జాగ్రత్త కావాలి. ఇటుక గోడ మీద వైరు తొడుగు చిరిగితే కరెంటు అక్కడికే ఉంటుంది. ఇనుప ఫ్రేముకి తగిలితే షెడ్డు షెడ్డంతా కరెంటే.

నాకు జరిగింది చెబుతాను. మొదటి ఏడాది బయట వాకిట్లో బండి కడగడానికి వెలుతురు కావాలని ఒక వైరుని షట్టరు కింద నుంచి బయటికి తీశాను. షట్టరు దించినప్పుడల్లా దాని అడుగు పట్టీ వైరు మీద కూర్చునేది. మూడు నెలల తర్వాత ఒక వాన సాయంత్రం, చెప్పులు బయట వదిలి షట్టరు ఎత్తబోతే వేళ్ళు జివ్వుమన్నాయి. చెయ్యి లాక్కోగలిగాను, అది అదృష్టం. తర్వాత చూస్తే వైరు తొడుగు నలిగి, గోరంత మేర రాగి బయటపడి మెరుస్తోంది. షెడ్డు ఫ్రేముకి ఎర్త్ లేదు, ఆర్‌సీసీబీ లేదు.

కాబట్టి రేకుల షెడ్డులో మూడు పనులు తప్పనిసరి: ఫ్రేముకి ఎర్తింగ్, లైనుకి ఆర్‌సీసీబీ, ఇనుముకి వైరు ఒరిగే ప్రతిచోటా పీవీసీ పైపు ముక్క.

ప్లగ్గే లేదు, ఒక్క బల్బు హోల్డరు ఉంది. ఏం చేయను?

హోల్డరుకే నేరుగా పెట్టే రెక్కల ఎల్ఈడీ లైట్లు దొరుకుతాయి. మూడు నాలుగు రెక్కలుంటాయి, ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. మన ఇళ్ళలో ఉండేది రెండు పిన్నుల బీ22 హోల్డరు. కొనేటప్పుడు అది సరిపోతుందో లేదో చూసుకోండి, మరతో తిప్పే రకం కూడా అమ్ముతుంటారు. బరువైన లైటుని పాత హోల్డరుకి వేలాడదీయకండి, ఊడి వస్తుంది. హోల్డరులో పెట్టి ప్లగ్గుగా మార్చుకునే అడాప్టరు కూడా ఉంది. దానికి ఎర్త్ ఉండదు. ఒక ప్లాస్టిక్ బాడీ లైటుకైతే పర్వాలేదు, డ్రిల్లు, గ్రైండరు మాత్రం దానికి పెట్టకూడదు.

ఒకే ప్లగ్గుకి ఎన్ని లైట్లు పెట్టొచ్చు?

6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లు మోస్తుంది. లెక్క ప్రకారం 20 వాట్ల లైట్లు అరవై పైనే. అన్ని పెట్టడానికి షెడ్డులో చోటుండదు. అసలు హద్దు ప్లగ్గు కాదు, లైట్లని ఒకదానికొకటి కలిపే సన్నటి వైరు. వరసగా కలుపుకునే రకం అయితే ఎన్నింటి వరకు కలపొచ్చో పెట్టె మీద రాసి ఉంటుంది, అది దాటకండి.

## కొనేటప్పుడు

మా షెడ్డు 10 అడుగులు × 18 అడుగులు. ఎన్ని వాట్ల లైటు కావాలి?

వాట్లు తినే కరెంటు, ల్యూమెన్లు ఇచ్చే వెలుతురు. పెట్టె మీద ల్యూమెన్లు చూడండి. నాలుగడుగుల 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్ సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. మామూలు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు 900 దాకా ఇస్తుంది.

మీ షెడ్డు 180 చదరపు అడుగులు, అంటే దాదాపు 17 చదరపు మీటర్లు. బండి పెట్టుకోవడానికి, సామాను వెతుక్కోవడానికి చదరపు మీటరుకి 150 ల్యూమెన్లు చాలు. అంటే 2,550. దుమ్ము పట్టిన గోడలు, నల్లటి కప్పు సగం మింగేస్తాయి కాబట్టి 5,000 పెట్టుకోండి. బ్యాటెన్లు రెండు లేక మూడు. పనిబల్ల ఉంటే దాని మీదికి విడిగా ఇంకొకటి. బల్ల దగ్గర దాదాపు రెట్టింపు వెలుతురు కావాలి. ఒక్కోటి రెండు మూడు వందల రూపాయలకే వస్తుంది కనుక ఒకే పెద్ద ఫ్లడ్ లైటు కొనకండి. అది కళ్ళలో కొడుతుంది, నీడలు కత్తిరించినట్టు పడతాయి.

తెల్ల లైటా, పసుపు లైటా?

షాపులో అడగకుండా ఇచ్చేది 6500 కెల్విన్ తెలుపు. వెతుక్కోవడానికి బాగానే ఉంటుంది, గంటల తరబడి పని చేస్తే కళ్ళు లాగుతాయి. 4000 కెల్విన్ దొరికితే అది తీసుకోండి. దాన్ని కొన్ని షాపుల్లో నేచురల్ వైట్ అంటారు. బండికి పెయింటు టచింగ్ చేసేవాళ్ళు రంగుల్ని సరిగ్గా చూపే సీఆర్ఐ 90 ఉన్న లైటు చూడాలి. మామూలు వాటికి 80 ఉంటుంది, ఎరుపులు కాస్త మాడినట్టు కనిపిస్తాయి.

బ్యాటెన్‌కి ప్లగ్గు రాలేదు. రెండు పొట్టి వైర్లే ఉన్నాయి.

ఇక్కడ అమ్మే చాలావాటికి అంతే. కొన్న షాపులోనే త్రీపిన్ టాప్ (మూడు పిన్నుల ప్లగ్గు), మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ వైరు తీసుకుని బిగించి ఇమ్మనండి. లైట్లకి 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు సరిపోతుంది. వైరు మీద, టాప్ మీద ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. జాయింటు మీద నల్ల టేపు ఒక్కటే చుట్టి ఇస్తే ఒప్పుకోకండి. ఎండాకాలం షెడ్డు వేడికి ఆ టేపు జిగురు కారి విడిపోతుంది. కనెక్టరు పెట్టి, దాని మీద చిన్న డబ్బా మూయించండి. లాగితే బరువు జాయింటు మీద పడకుండా వైరుని లైటు బాడీకి ఒక ట్యాగుతో బిగించాలి.

రెండు పిన్నుల ప్లగ్గు సరిపోతుందా?

లైటు బాడీ మొత్తం ప్లాస్టిక్ అయి, దాని మీద ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటే సరిపోతుంది. అల్యూమినియం బాడీ అయి, ఆకుపచ్చ వైరు బయటికి వచ్చి ఉంటే త్రీపిన్ కావాల్సిందే. ఆ ఆకుపచ్చ వైరు కత్తిరించేసి రెండు పిన్నులు పెట్టేవాళ్ళు ఉన్నారు. అలాంటివాళ్ళ చేతికి పని ఇవ్వకండి.

చవక ఎల్ఈడీకీ ఖరీదైనదానికీ కంటికి తేడా తెలియడం లేదే?

కంటికి తెలియదు, ఫోనుకి తెలుస్తుంది. స్లో మోషన్‌లో వీడియో తీయండి. లోపలి డ్రైవరు (ఎల్ఈడీకి కావలసినట్టు కరెంటుని మార్చి ఇచ్చే భాగం) నాసిరకమైతే వీడియోలో లైటు టపటపా కొట్టుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అది సెకనుకి వందసార్లు వణుకుతుంది. సామాను గదికి దానివల్ల నష్టం లేదు. గ్రైండరు, డ్రిల్లు వాడే చోట మాత్రం ఉంది. ఆ వణుకు, చక్రం వేగం ఒక్కోసారి కుదిరి, తిరుగుతున్న చక్రం ఆగినట్టో మెల్లగా తిరుగుతున్నట్టో కనిపిస్తుంది. పనిబల్ల మీద లైటుకి మాత్రం వందా రెండొందలు ఎక్కువ పెట్టండి.

మనిషి రాగానే వెలిగే సెన్సార్ లైటు పెట్టుకోవచ్చా?

చేతుల్లో సామానుతో వచ్చేవాళ్ళకి హాయిగా ఉంటుంది. అయితే మామూలు పీఐఆర్ సెన్సారు చూసేది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ మధ్య తేడాని. మే నెలలో రేకుల షెడ్డు గోడలు కూడా ఒంటి వేడి దగ్గరికి వచ్చేస్తాయి కాబట్టి మీరు చేతులూపినా దానికి కనబడరు. సెన్సారు పాడైందనుకుని మార్చకండి, వానలు పడగానే మళ్ళీ పనిచేస్తుంది. పనిబల్ల మీదకి సెన్సారు వద్దు. కదలకుండా స్క్రూ తిప్పుతుంటే ఆరిపోతుంది.

## బిగించేటప్పుడు

లైటు ఎక్కడ పెడితే బాగుంటుంది?

కప్పు మధ్యలో మాత్రం వద్దు. అందరూ పెట్టేది అక్కడే. కారు లోపలికి వచ్చాక ఆ వెలుతురంతా కారు టాపు మీద పడుతుంది, పక్కలు చీకటి. బానెట్ ఎత్తితే అదే గొడుగై ఇంజిన్ మీద నీడ పడుతుంది. కారుకి అటొకటి ఇటొకటి, పొడవునా, గోడకి రెండడుగుల లోపల వేలాడదీయండి.

పనిబల్ల దగ్గర సూత్రం ఒక్కటే: లైటు మీ తలకి ముందుండాలి, వెనక ఉండకూడదు. నేను మొదట్లో వెనక పెట్టి నెలరోజులు నా నీడలోనే పని చేశాను. ఒక రాత్రి కార్బురేటరు విప్పుతుంటే పైలట్ జెట్ చేతిలోంచి జారింది. బియ్యపుగింజ కన్నా కాస్త పెద్ద ఇత్తడి ముక్క. ఠింగుమన్న చప్పుడు వినబడింది, ముక్క కనబడలేదు. ఫోను టార్చి నోట్లో పెట్టుకుని గంటసేపు నేల మీద పాకాను. పొద్దున షట్టరు ఎత్తగానే ఎండ ఏటవాలుగా పడి, బల్ల కాలు పక్కన సిమెంటు పగులులో తళుక్కుమంది. అప్పుడు అర్థమైంది, చిన్న వస్తువులు దొరికేది పై నుంచి పడే వెలుతురులో కాదు, పక్క నుంచి పడే వెలుతురులో. ఇప్పుడు బల్ల ముందు గోడకి కంటి ఎత్తు కన్నా జానెడు పైన ఒక లైటు, బల్ల అంచుకి క్లిప్పుతో ఒక చిన్న లైటు ఉన్నాయి.

డ్రిల్ చేయకుండా ఎలా వేలాడదీయాలి?

ఇనుప ఫ్రేము ఉంటే మీ పని సులువు. యాంగిల్‌కి జీఐ తీగ చుట్టి కొక్కెం చేసుకోండి, లేదా అయస్కాంతం కొక్కేలు పెట్టండి. శ్లాబు కప్పు అయితే రెండు గోడల మధ్య పాత మేకులో కొక్కేలో ఉంటాయి, చూడండి. వాటి మధ్య సన్నటి స్టీలు తీగ బిగించి దాని మీద లైట్లు వేలాడదీయొచ్చు. అవీ లేకపోతే నిలువునా రెండు పీవీసీ పైపులు, పైన అడ్డంగా ఒకటి, స్టాండులా చేసుకోండి. ఎలా పెట్టినా లైటు బరువు తీగ మోయాలి, కరెంటు వైరు మోయకూడదు.

డబుల్ టేపుతో అంటిస్తే చాలదా?

డిసెంబరులో చాలుతుంది. ఏప్రిల్లో మధ్యాహ్నం ఎప్పుడో ఊడి కారు అద్దం మీద పడుతుంది.

కప్పు సిమెంటు రేకు. చిన్న బెజ్జం పెడితే ఏమవుతుంది?

వాన కారుతుంది, అది చిన్న సమస్య. పెద్దది వేరే ఉంది. ఆస్బెస్టాస్ కలిపిన రేకు అయితే డ్రిల్ చేసినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనబడని పీచు ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ళ తర్వాత క్యాన్సర్ దాకా తెస్తుంది. రేకుని తాకకండి, దాని కింద ఉన్న పైపుకో దూలానికో కట్టుకోండి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పెట్టొచ్చా?

వద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, నేలని అంటిపెట్టుకుని ఉంటుంది. బండి ట్యాంకు కారుతున్నా, కార్బురేటరు విప్పినా ఆ ఆవిరి కిందే పోగవుతుంది. స్విచ్ వేసినప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ మామూలే. ఆ రెండూ కలవకూడదు. నడుము ఎత్తున గోడకి తగిలించండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తే లైటు స్విచ్ వేయడం మానేసి, ముందు షట్టరు పూర్తిగా ఎత్తి గాలి ఆడనివ్వండి.

ఈ-స్కూటరు చార్జింగ్ కూడా అదే బాక్సుకి పెట్టుకోవచ్చా?

పెట్టకండి. లైటు తీసుకునేది చిటికెడు కరెంటు. చార్జరు గంటల తరబడి ఏకధాటిగా లాగుతుంది, నాసి బాక్సు లోపలి రేకులు వేడెక్కి కరుగుతాయి. చార్జరుకి గోడ పాయింటు, లైట్లకి వేరే పాయింటు.

గోడలు మసిబారి ఉన్నాయి. ఎంత వెలుతురు పెట్టినా చీకటిగానే ఉంది.

ఇంకో లైటు కొనే ముందు ఒక కోటు సున్నం వేయించండి. ఓనరు అడ్డు చెప్పే పని కాదు. అదీ కుదరకపోతే నా చిట్కా: పాత ఫ్లెక్సీ తెచ్చుకుని, తెల్లగా ఉండే వెనకవైపు బయటికి వచ్చేలా బల్ల వెనక గోడకి కట్టేయండి. ఏ నాయకుడి పుట్టినరోజుదైనా ఫర్వాలేదు, ముఖం గోడవైపు ఉంటుంది. నిప్పురవ్వలు రేగే గ్రైండింగ్ చోట మాత్రం కట్టొద్దు.

## వాడుతుండగా

స్విచ్ కట్టేసినా లైటు మసక మసకగా వెలుగుతోంది. దెయ్యమా?

దెయ్యం కాదు, ఎక్కువసార్లు స్విచ్ న్యూట్రల్ వైరు మీద ఉండటమే కారణం. ఫేజు లైటు దాకా వస్తూనే ఉంది, ఎల్ఈడీకి ఆ కాస్త చాలు. స్విచ్ కట్టేసి లైటు మీద చెయ్యి వేస్తే షాక్ కొట్టొచ్చు కాబట్టి ప్లగ్గు పీకాకే ముట్టుకోండి, ఎలక్ట్రీషియన్‌తో స్విచ్‌ని ఫేజు మీదికి మార్పించండి. స్విచ్‌లో ఎర్రగా వెలిగే ఇండికేటరు ఉన్నా ఇలాగే అవుతుంది. అందులో ప్రమాదం లేదు.

ఉన్నట్టుండి లైట్లు మరీ కాంతిగా వెలిగాయి, ఇంట్లో ఫ్యాను మాత్రం నెమ్మదించింది.

వెంటనే మెయిన్ కట్టేయండి. అది న్యూట్రల్ ఊడిన లక్షణం. కొన్ని పాయింట్లలో వోల్టేజీ 230 నుంచి పెరిగి 300 దాటిపోవచ్చు. ఎల్ఈడీ డ్రైవర్లు, ఫోను చార్జర్లు నిమిషాల్లో పోతాయి. వీధిలో అందరికీ అలాగే ఉంటే 1912కి ఫోన్ చేయండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ డిస్కంలకి (కరెంటు కంపెనీలకి) అదే నంబరు. మీ ఒక్కరికే అయితే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

గ్రైండరు ఆన్ చేయగానే లైటు ఒక్క క్షణం తగ్గుతోంది.

మోటారు లేచేటప్పుడు చాలా రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ ఒక్క క్షణం తగ్గడం సహజం. తగ్గి అలాగే ఉండిపోతే, లేదా ప్లగ్గు చేతికి వెచ్చగా తగిలితే, వైరు సన్నదో జాయింటు వదులో అయి ఉంటుంది. మిషన్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేరుగా పెట్టుకోండి.

వానాకాలం ఉసుళ్ళతో షెడ్డు నిండిపోతోంది.

తొలకరి పడిన సాయంత్రం ఎవరేం చేసినా అవి వస్తాయి. తెల్ల లైటుకి ఎక్కువ మూగుతాయి, పసుపు లైటుకి తక్కువ. ఆ నాలుగైదు రోజులు తెల్ల బ్యాటెన్లు కట్టేసి పసుపు బల్బు ఒకటి వాడండి. లేదా మన అమ్మమ్మల పద్ధతిలో లైటు కింద బేసిన్‌లో నీళ్ళు పెట్టండి, అందులోనే పడతాయి. పొద్దున్నే ఊడ్చేయండి, లేకపోతే ఉసుళ్ళ కోసం చీమలు, చీమల వెనక బల్లులు వస్తాయి. బల్లి దూరి కాలిపోయిన బ్యాటెన్ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది.

రెండేళ్ళ వారంటీ అన్నారు. ఆరు నెలలకే పోయింది.

వేడి. ఎల్ఈడీ గింజలు కాదు, దాని డ్రైవరు చచ్చిపోతుంది. రేకుకి ఆనించి కడితే ఎండాకాలం మధ్యాహ్నమంతా లైటు ఆరి ఉన్నా లోపల ఉడుకుతుంది. రేకు నుంచి కనీసం అడుగు కిందికి దించండి. బిల్లు ఫొటో తీసి ఫోనులో పెట్టుకోండి, షాపు కాగితం మీద అక్షరాలు వారంటీ కన్నా ముందే చెరిగిపోతాయి.

## ఖాళీ చేసేటప్పుడు

ఏవి తీసుకెళ్ళొచ్చు, ఏవి వదిలేయాలి?

ప్లగ్గు పీకితే వచ్చేవన్నీ మీవే. ఓనరు ఇచ్చిన పాత బల్బు ఎక్కడో దాచి ఉంటారు కదా, అది తిరిగి హోల్డరులో పెట్టండి. బోర్డులో బిగించిన ఆర్‌సీసీబీ, మార్పించిన పాయింటు ఉన్నచోటే వదిలేయండి. మీరు డబ్బు పెట్టి ఉంటే ఆ బిల్లు చూపించి అడ్వాన్సులో సర్దుకోవడం గురించి ముందే మాట్లాడుకోవాలి.

టేపు అంటించిన చోట జిగురు పోవడం లేదు.

కొబ్బరినూనె రాసి గంట ఆగి పాత గుడ్డతో రుద్దండి. సున్నం గోడ అయితే నూనె మరక మిగులుతుంది, అక్కడ హెయిర్ డ్రయ్యరుతో వేడి చేసి మెల్లగా లాగండి. పెచ్చు ఊడితే పుట్టీ కాస్త మెత్తి, పైన సున్నం రాస్తే సరి.

మా తర్వాత వచ్చేవాళ్ళు లైట్లు ఉన్నవి ఉన్నట్టు కొంటామంటున్నారు.

ఇచ్చేయండి. తీగలు, పైపు ముక్కలతో సహా సగం ధరకి ఇస్తే మీకూ మోత తప్పుతుంది. డబ్బు తీసుకునే ముందు వాళ్ళ ఎదురుగా అన్నీ వెలిగించి చూపించండి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ ఎక్కడుందో చూపించి ఒకసారి వాళ్ళ చేతే నొక్కించండి.